పేగు పంపే ముందుకబురు

గ్లూకోజు నోటితో తాగినా గ్లూకోజే, సూదిగుండా ఒంట్లోకి ఎక్కించినా గ్లూకోజే అని మనం అనుకుంటాం. మన శరీరం మాత్రం అలా అనుకోదు. ఈ రెంటికీ వున్న భేదం దానికి బాగా తెలుసు.

ఒక ఆరోగ్యవంతుణ్ణి తీసుకోండి. ఒకనాడు అతనిచేత గ్లూకోజు నీళ్ళు తాగించి, రక్తంలో చక్కెర ఎంతెంత పెరిగిందో రాసి వుంచండి. మరొకనాడు, చక్కెర సరిగా అదే లెక్కన పెరిగేటట్లు గ్లూకోజును తిన్నగా రక్తనాళంలోకి ఎక్కించండి. రెండు రోజుల్లోనూ రక్తంలో చక్కెర ఒక్కటే. కనుక క్లోమగ్రంథి వదిలే ఇన్సులిన్ కూడా ఒక్కటే కావాలి గదా! కాని కాదు. నోటిగుండా పోయిననాడు ఇన్సులిన్ రెండింతలు, ఒక్కొక్కప్పుడు మూడింతలు కూడా వస్తుంది.

ఇది తిన్న చక్కెర, ఇది ఎక్కించిన చక్కెర అని క్లోమానికి ఎట్లా తెలిసింది? ఎవరో చెప్పి వుండాలి. చెప్పింది మరెవరో కాదు, పేగు. మగపెళ్ళివారు స్టేషనులో దిగగానే ముందుగా ఒక కుర్రవాడు విడిదింటికి పరుగెత్తి వచ్చి, "దిగారండోయ్, కాఫీలు సిద్ధం చెయ్యండి!" అని చెప్పినట్లు, ఆహారం పేగులోకి దిగగానే క్లోమానికి ముందుకబురు వెడుతుంది. చక్కెర రక్తంలో నిండుగా చేరేలోగా ఇన్సులిన్ సిద్ధమవుతుంది.

ఈ ముందుకబురు సంగతి శాస్త్రజ్ఞులు ఒకసారి పసిగట్టారు, తరువాత నమ్మలేదు, ఇంచుమించు మరచిపోయారు, మళ్ళీ కనిపెట్టారు. ఈనాడు ఊరూరా మందుల దుకాణాల్లో అమ్ముతున్న ఎన్నో చక్కెరజబ్బు మందులకూ, ఒళ్ళు తగ్గించే ఇంజక్షన్లకూ మూలం అదే. నేను డాక్టరును కాను. కాని ఈ మందుల పేర్లు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినపడుతున్నాయి గనుక, వాటి వెనక వున్న కథ నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

బావా బావమరుదుల ప్రయోగం

లండను యూనివర్సిటీ కాలేజీలో బేలిస్, స్టార్లింగ్ అని ఇద్దరు శాస్త్రజ్ఞులు వుండేవారు. స్టార్లింగ్ చెల్లెలినో అక్కనో అనుకోవద్దు, సోదరి అంటే చాలు, ఆమెను బేలిస్ పెళ్ళి చేసుకున్నాడు. ఆ విధంగా వారు బావా బావమరుదులు. ఆ రోజుల్లో జీర్ణక్రియ అంతా నాడుల ద్వారానే నడుస్తుందని అందరి నమ్మకం. రష్యాలో పావ్లోవ్ అంతటివాడు ఆ మాట అన్నాడు. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది కూడా జీర్ణక్రియను గురించిన పరిశోధనలకే.

1902 జనవరి 16న ఈ బావా బావమరుదులు మత్తు ఇచ్చిన ఒక కుక్క మీద ప్రయోగం చేశారు. చిన్నప్రేవులో ఒక ముక్కను రెండు వైపులా కట్టివేసి, దానికి పోయే నాడులన్నీ కోసివేశారు. రక్తనాళాలు మాత్రం వుంచారు. అంటే, ఆ ముక్కకూ తక్కిన శరీరానికీ రక్తం తప్ప వేరే సంబంధం లేదు. ఆ ముక్కలో పలచని ఆమ్లం పోశారు. పావ్లోవ్ చెప్పిందే నిజమైతే ఏమీ జరగకూడదు. కాని క్లోమం నుంచి జీర్ణరసం బొట్లు బొట్లుగా రాసాగింది!

నాడులు తెగిపోయినా కబురు అందిందంటే, అది రక్తంలో కలిసి వెళ్ళి వుండాలి. స్టార్లింగ్ వెంటనే పేగు లోపలి పొరను గీకి, ఇసుకా ఆమ్లమూ వేసి నూరి, వడగట్టి, ఆ రసాన్ని కుక్క మెడలోని రక్తనాళంలోకి ఎక్కించాడు. కొద్ది క్షణాలలో క్లోమం మళ్ళీ రసం వదిలింది. పేగులో పుట్టిన ఆ పదార్థానికి 'సెక్రెటిన్' అని పేరు పెట్టారు. ఇటువంటి దూతలన్నిటికీ కలిపి 'హార్మోను' అనే పేరును స్టార్లింగ్ 1905లో వాడాడు. గ్రీకు భాషలో దానికి 'ప్రేరేపించేది' అని అర్థం. పావ్లోవ్ కూడా తన ప్రయోగశాలలో అదే ప్రయోగం చేయించి చూచి, ఉన్న నిజాన్ని ఒప్పుకున్నాడు.

చూశారా, మనం ఈనాడు హార్మోనులంటే థైరాయిడ్ అనీ, ఇన్సులిన్ అనీ అనుకుంటాం. కాని ఆ పేరు పుట్టటానికి కారణమైంది మన పేగు!

దొరికి జారిపోయిన ఆలోచన

క్లోమానికి రెండు పనులు. అన్నం అరగటానికి రసాన్ని పేగులోకి పంపటం ఒకటి. చక్కెరను అదుపులో వుంచే పదార్థాన్ని రక్తంలోకి వదలటం రెండవది. పేగు పంపిన కబురుతో మొదటి పని జరుగుతున్నప్పుడు, రెండవది మాత్రం ఎందుకు జరగకూడదు? లివర్‌పూల్‌లో మూర్, ఆయన సహచరులు ఇదే ప్రశ్న వేసుకున్నారు. పేగు పొర నుంచి తీసిన రసాన్ని మధుమేహ రోగులచేత తాగించి, ఆ ఫలితాలను 1906లో ప్రకటించారు. అప్పటికింకా ఇన్సులిన్ కనిపెట్టనే లేదు. ఒక రోగిలో మంచి గుణం కనిపించినా అందరికీ అలా జరగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే కారణం తేలికగానే తెలుస్తుంది. ఇటువంటి హార్మోనులు మాంసకృత్తుల జాతివి. నోటితో తాగితే అవీ పప్పులాగా, మాంసంలాగా అరిగిపోతాయి.

1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనేవారు ఇన్సులిన్‌ను బయటికి తీశారు. మరుసటి యేడు జనవరిలో అది మొదటి రోగికి ఎక్కింది. చావు తప్పదనుకున్న పిల్లలు బతికి బట్టకట్టారు. ఇక పేగు సంగతి ఎవరికి కావాలి? బ్రసెల్స్‌లో లా బార్ అనే ఆయన మాత్రం ఆ ఆలోచనను విడవక, 1932లో పేగు పంపే ఈ దూతకు 'ఇంక్రెటిన్' అని నామకరణం చేశాడు. కాని 1940 ప్రాంతంలో అమెరికాలో ఐవీ, ఆయన సహచరులు పరీక్షలు చేసి, అటువంటిది వున్నదనటం సందేహమే అన్నారు. ఆ ఐవీ సామాన్యుడు కాదు. పిత్తాశయాన్ని ముడుచుకునేటట్లు చేసే మరొక పేగు హార్మోనును 1928లో కనిపెట్టినవారిలో ఆయన ఒకడు. అంతటివాడు పెదవి విరిచేసరికి, పాతికేళ్ళపాటు ఇంక్రెటిన్ మాట ఎత్తినవారు తక్కువ.

తప్పు ఐవీది కాదు. రక్తంలో ఇన్సులిన్ ఎంత వున్నదో సరిగా కొలిచే సాధనం ఆనాడు లేదు. తూకపురాళ్ళు లేకుండా బంగారం బేరం చేసినట్లయింది. ఆ సాధనాన్ని న్యూయార్కు బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో రొజాలిన్ యాలో అనే ఆవిడ, బెర్సన్ అనే డాక్టరుతో కలిసి తయారుచేసింది. ఆ పద్ధతిని వారు 1960లో ప్రచురించారు. బెర్సన్ 1972లో పోయాడు. 1977లో ఆవిడకు నోబెల్ బహుమతి వచ్చింది.

కొలత చేతికి రాగానే పాత ప్రశ్న తిరిగి లేచింది. 1964లో లండనులో మెక్‌ఇంటైర్ బృందం, అదే యేడు అమెరికాలో మరొక బృందం, నేను మొదట చెప్పిన తేడాను లెక్కలతో సహా చూపించాయి. ఆరోగ్యంగా వున్న మనిషి గ్లూకోజు తాగినప్పుడు వచ్చే ఇన్సులిన్‌లో సగం మొదలు మూడింట రెండు వంతుల దాకా పేగు కబురు వల్లనే వస్తున్నదని క్రమంగా తేలింది.

ఇద్దరు దూతలు

ఇంతకూ ఈ దూతలు ఎవరు? ఇప్పటికి తెలిసినంతలో ముఖ్యమైనవారు ఇద్దరు.

మొదటివాడు చిన్నప్రేవు పై భాగంలో పుట్టే జి.ఐ.పి. కెనడాలో బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు 1970 ప్రాంతంలో పంది పేగుల నుంచి దీన్ని శుద్ధి చేశాడు. జీర్ణకోశంలో ఆమ్లాన్ని తగ్గిస్తుందని మొదట అనుకున్నారు. 1973లో అది మనుషులలో ఇన్సులిన్‌ను పెంచుతుందని తేలింది.

రెండవవాడు పేగు కింది భాగంలో ఎక్కువగా పుట్టే జి.ఎల్.పి.-1. ఇతని జాడ మొదట ఒక సముద్రపు చేపలో దొరికింది. బోస్టన్‌లో హాబెనర్ అనే ఆయన ప్రయోగశాలవారు 1982లో ఆ చేప జన్యువును చదివి, గ్లూకగాన్ అనే హార్మోను తయారయ్యే పొడుగాటి గొలుసులోనే దాని పోలికలున్న మరొక ముక్క దాగి వున్నదని చూశారు. మరుసటి యేడు మనుషుల జన్యువులోనూ అటువంటివి కనిపించాయి. ఆ గొలుసులో సరిగా ఎక్కడినుంచి ఎక్కడిదాకా పనిచేస్తుందో పసిగట్టి, దాన్ని తయారుచేసి, ఎలుక క్లోమం మీద పరీక్షించి చూపించినవారిలో స్వెత్లానా మోయ్‌సోవ్ అనే మహిళ ముఖ్యురాలు. ఆ ఫలితాలు 1987లో అచ్చయినాయి. డెన్మార్కులో హోల్స్ట్ బృందం, లండనులో బ్లూమ్ బృందం కూడా అదే యేడు దాని శక్తిని నిరూపించాయి. పేటెంటు కాగితాల మీద తన పేరు చేర్చమని మోయ్‌సోవ్ పోరాడవలసి వచ్చింది. 2024లో హాబెనర్‌తోపాటు ఆమెకు కూడా లాస్కర్ బహుమతి ఇచ్చారు.

జి.ఎల్.పి.-1 చేసే పనులు నాలుగు. క్లోమంచేత ఇన్సులిన్ వదిలిస్తుంది. చక్కెరను పెంచే గ్లూకగాన్‌ను అణచి వుంచుతుంది. జీర్ణకోశంలోని ఆహారం పేగులోకి ఒక్కసారిగా జారిపోకుండా నిదానిస్తుంది. ఇక నాలుగవది, మెదడుకు "ఇక చాలు" అనే తృప్తిని కలిగిస్తుంది.

ఇందులో మరొక విశేషం వుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా వున్నప్పుడే ఇది ఇన్సులిన్‌ను తెప్పిస్తుంది. చక్కెర మామూలుకు రాగానే తగ్గుతుంది. ఇన్సులిన్ ఇంజక్షను మోతాదు మించితే చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, కళ్ళు తిరగటం చాలా ఇళ్ళలో చూసిన సంగతే. ఈ దూత ఒంటరిగా పనిచేసేటప్పుడు ఆ భయం చాలా తక్కువ.

చక్కెరజబ్బు వచ్చినవారిలో ఏమవుతుంది? పెద్దవయసులో ఎక్కువగా వచ్చే రెండవరకం మధుమేహంలో ఈ ముందుకబురు బలం తగ్గిపోతుంది. జి.ఐ.పి. వస్తూనే వుంటుంది గాని క్లోమం దాని మాట సరిగా వినదు. జి.ఎల్.పి.-1 మాట మాత్రం, గట్టిగా చెబితే ఇంకా వింటుంది. 1993లో జర్మనీలో నౌక్ బృందం ఇటువంటి రోగులకు జి.ఎల్.పి.-1ను రక్తంలోకి ఎక్కించి చూడగా, పరగడుపున ఎక్కువగా వున్న చక్కెర కొద్ది గంటల్లో మామూలు స్థితికి వచ్చింది.

రెండు నిమిషాల ఆయుష్షు

మరి వెంటనే మందుగా ఎందుకు అమ్మలేదు? ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. రక్తంలోకి వచ్చిన జి.ఎల్.పి.-1లో సగం రెండు నిమిషాల్లోపే పనికిరాకుండా పోతుంది. డి.పి.పి.-4 అనే ఎంజైము దాన్ని కత్తిరించి వేస్తుంది. రెండు నిమిషాలు బతికే మందును రోగికి ఎన్నిసార్లు పొడుస్తారు?

ఈ చిక్కు విడదీయటానికి సాయపడింది ఒక బల్లి! అమెరికా నైరుతి ఎడారుల్లోనూ, మెక్సికోలోనూ గిలా అనే విషపు బల్లి వుంది. అది యేడాదిలో చాలా కొద్దిసార్లే తింటుంది. యాలో పనిచేసిన ఆ బ్రాంక్స్ ఆస్పత్రిలోనే జాన్ ఎంగ్ అనే డాక్టరు దాని విషాన్ని పరీక్షించి, 1992లో అందులో ఒక పదార్థాన్ని కనిపెట్టాడు. అది మన జి.ఎల్.పి.-1కు సగానికి సగం పోలిక. పని అదే చేస్తుంది. ఎంజైము కత్తెరకు మాత్రం లొంగదు. దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసి ఎక్సెనటైడ్ అనే పేరుతో 2005లో అమెరికాలో అనుమతించారు. రోజుకు రెండుసార్లు ఇంజక్షను.

మరికొందరు రెండవ దారి పట్టారు. దూతను పొడుగు చేసే బదులు కత్తెరనే ఆపితే? అలా వచ్చినవే మాత్రలుగా మింగే గ్లిప్టిన్‌లు. వాటిలో మొదటిదైన సిటాగ్లిప్టిన్ 2006లో అమెరికాలో అనుమతి పొందింది. మన దేశంలో దాని పేటెంటు 2022లో తీరిపోయి, ఎన్నో కంపెనీలు తయారుచేయటంతో ధర బాగా దిగింది. మీ ఇంట్లో పెద్దవారి మందులపెట్టె తెరచి చూడండి. 'గ్లిప్టిన్' అనే తోక వున్న పేరు కనిపిస్తే, అది పేగు కబురును కాపాడే మందే.

మూడవ దారిలో శాస్త్రజ్ఞులు జి.ఎల్.పి.-1కే ఒక కొవ్వు తోకను తగిలించి, రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకు వేలాడేటట్లు చేశారు. అలా వచ్చిన లిరాగ్లుటైడ్ రోజుకొకసారి చాలు. 2017లో వచ్చిన సెమాగ్లుటైడ్ వారానికొకసారి చాలు. 2022లో వచ్చిన టిర్జెపటైడ్ ఇద్దరు దూతల పనినీ కలిపి చేస్తుంది. ఇది మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది.

"మామయ్యా, నాకూ తెప్పించవూ?"

చక్కెర కోసం తయారైన ఈ మందులు ఆకలిని కూడా తగ్గిస్తాయి గదా! అక్కణ్ణించి మరొక కథ మొదలైంది. స్థూలకాయులకు సెమాగ్లుటైడ్ ఇచ్చి చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. 68 వారాల్లో వారి బరువు సగటున నూటికి 15 వంతులు తగ్గింది. ఇక లోకమంతా దాని వెంట పడింది.

మొన్న మా అక్కయ్య కూతురు నన్నడిగింది: "మామయ్యా, ఆ ఇంజక్షను నాకూ తెప్పించి పెట్టవూ? పెళ్ళి ఇంకా మూడు నెలలుంది."

"నీకు చక్కెర వుందిటే?"

"లేదు."

"బరువెంత?"

"యాభై ఎనిమిది కిలోలు. ఫోటోల్లో లావుగా పడతానని భయం."

నవ్వు వచ్చినా నవ్వలేదు. ఇటువంటి అమ్మాయిలు ఎందరో వున్నారు. వారందరి కోసమూ దానికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ఈ మందులు జబ్బుగా పరిణమించిన స్థూలకాయానికీ, మధుమేహానికీ. చీర కుచ్చెళ్ళు నిలవటానికి కాదు. చాలామందికి మొదట్లో వికారం, వాంతులు, విరేచనాలో మలబద్ధకమో వస్తాయి. కొందరికి పిత్తాశయంలో రాళ్ళు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. కొవ్వుతోపాటు కండ కూడా తరుగుతుంది. మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సరు కుటుంబంలో వున్నవారు వీటిని వాడకూడదు. గర్భిణులు వాడకూడదు, పిల్లలు కావాలనుకునేవారు ముందుగానే మానాలి. కొత్తగా పెళ్ళయ్యే పిల్లకు ఇది చిన్న మాట కాదు. పైగా, మందు మానితే పోయిన బరువు చాలావరకు తిరిగివస్తుంది. ఆ పరీక్షలోనే మందు ఆపిన యేడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు మళ్ళీ చేరింది.

"అయితే వద్దంటావా?" అన్నది.

"నీకు వద్దు. మీ నాన్నకు కావాలో అక్కరలేదో డాక్టరుగారిని అడగండి" అన్నాను. మా బావగారికి పన్నెండేళ్ళుగా చక్కెర. ఒళ్ళు కూడా భారీయే. అవసరమైన మనిషి తన ఖర్చుకు జంకుతూ వూరుకుంటే, అవసరం లేని పిల్ల దానికోసం ఉబలాటపడుతున్నది!

మన విస్తరి సంగతి

మందుల మాట అటుంచి, ఆ దూతను మన వంటింట్లోనుంచే కొంత మేల్కొల్పవచ్చునా? కొంతవరకు వచ్చు. మాంసకృత్తులు, కొవ్వు, పీచు వున్న పదార్థాలు పేగులోకి ముందుగా దిగితే జి.ఎల్.పి.-1 ముందుగా మేల్కొంటుంది, జీర్ణకోశం నిదానిస్తుంది. 2015లో న్యూయార్కులో 11 మంది మధుమేహ రోగులకు ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టి చూశారు. కూరగాయలూ కోడిమాంసమూ ముందు తిని, పావుగంట తరువాత రొట్టె తిన్ననాడు, గంట తరువాత చూస్తే రక్తంలో చక్కెర మూడోవంతుకు పైగా తక్కువగా వుంది. మనుషులు కొద్దిమందే, కాని ఆ తరువాత ఇతరులు చేసిన పరీక్షలూ ఆ దారినే వున్నాయి.

మన భోజనం చూడండి. మొదటి ముద్ద వేడి వేడి అన్నం. పప్పు అన్నంలోకి, కూర అన్నంలోకి, పులుసు అన్నంలోకి, చివరకు మజ్జిగా అన్నంలోకే. కూర అన్నది అన్నాన్ని గొంతు దింపటానికి మాత్రమే అన్నట్లు రవ్వంత వడ్డించుకుంటాం. అలా కాక, ముందు ఒక గిన్నెడు కూరా, ఒక గిన్నెడు గట్టిపప్పూ విడిగా తిని, తరువాత అన్నం కొద్దిగా కలుపుకుంటే? గుడ్డు తినేవారు అదీ ముందే తినవచ్చు. డబ్బు ఖర్చు ఏమీ లేదు. వడ్డించే వరస మారితే చాలు. మొదట్లో ఇంటావిడ నవ్వుతుంది, అంతే.

ఇది మందుకు బదులు కాదు సుమా! మందులు వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా మోతాదులు మార్చకూడదు. ముఖ్యంగా, చిన్నతనంలో ఎక్కువగా వచ్చే మొదటిరకం మధుమేహంలో క్లోమం ఇన్సులిన్ తయారుచేసే శక్తినే పోగొట్టుకుంటుంది. అక్కడ దూత ఎంత గట్టిగా కేకవేసినా పలికేవారు లేరు. వారికి ఇన్సులిన్ తప్పదు.

మన దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం వున్నదని భారత వైద్య పరిశోధనా మండలి సాయంతో జరిగిన సర్వే 2023లో లెక్క చెప్పింది. మరో 13 కోట్లకు పైగా దాని గుమ్మంలో వున్నారు. అంటే ఈ కథ ఏదో ఒక విధంగా మన ఇంటి కథే.

కనుక ఈసారి డాక్టరుగారి వద్దకు వెళ్ళినప్పుడు మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి. నేను వాడే మందుల్లో పేగు హార్మోనుకు సంబంధించినది వుందా? దానితోపాటు వేసుకునే తక్కిన మాత్రల వల్ల చక్కెర పడిపోయే ప్రమాదం వుందా? కొత్త ఇంజక్షను మొదలుపెడితే ఎన్నాళ్ళు వాడాలి, నెలకు ఎంత అవుతుంది? ఈ మూడింటికీ జవాబులు ఒక కాగితం మీద రాయించుకుని, ఇంటికి వచ్చి అందరికీ వినిపించండి. మా బావగారికి నేను ఆ కాగితం సిద్ధం చేసి ఇచ్చాను. వచ్చే సోమవారం ఆయన వెడుతున్నారు.